గాలికి వీపు పెట్టిన పావురాలు

నా చిన్నప్పుడు మా తాతకు చుట్టుపక్కల ఊళ్లన్నిటిలో మంచి పేరుండేది. ఆకాశంలో పోయే పావురాలను పిలిచి నేల మీద దించుతాడని చెప్పుకునేవాళ్లు. ఒక్క పొద్దుటి పూటలో ఆ పేరు పోయింది. ఆయన బతికుండగా మళ్లీ రాలేదు. అది ఎలా పోయిందో నా కళ్లతో చూశాను. చూసి కూడా ఇన్నేళ్లు నోరు మెదపకుండా ఉన్నాను. మా ఇంట్లో అందరికంటే వాగుడుకాయను నేనే కావడం ఇందులో వింత.

మాది దేవరకొండకు దగ్గరలో ఒక చిన్న పల్లె. నైజాం కాలం. మా వాడలో ఎవరికీ సెంటు భూమి లేదు. దొర చెలకల్లో కూలికి పోతేనే పొయ్యి వెలిగేది. దేవరకొండ గుట్ట మీది పాత కోట రాళ్ల సందుల్లో పావురాలు గూళ్లు పెట్టుకునేవి. జొన్నకోతలు అయ్యాక అవి గుంపులుగా వచ్చి, రాలిన గింజలు తిని పోయేవి. వాటిని తుపాకితో కొట్టడమంటే మా దొరకు మహా సరదా. అయితే పావురం ఎక్కడ పడితే అక్కడ వాలే పిట్ట కాదు. కింద తన జాతి పిట్టలు నిమ్మళంగా మేస్తున్నాయని నమ్మకం కుదిరితేనే దిగుతుంది. అందుకని మా తాత తేలిక కర్రతో పావురాలను చెక్కి, బూడిదా మసీ కలిపి పూసి, కోసిన చేలో పుల్లల మీద నిలబెట్టేవాడు. ఆ కర్ర పావురాలను దీమాలు అనేవాళ్లు. వాటిని చూసి అసలు పావురాలు మోసపోయి దిగేవి. చొప్పకట్టల దడి వెనక దాక్కున్న దొర కాల్చేవాడు.

ఈ పని చేతనైన మనిషి మరొకరు లేరు కాబట్టి మా తాతకు వెట్టి మాఫీ. వాడలో మిగతా మగవాళ్లంతా కూలి లేకుండా దొర ఉండే గడికి నీళ్లు మోయాలి, కట్టెలు కొట్టాలి, వచ్చిపోయే అధికారుల సామాను పక్క ఊరి దాకా నెత్తిన పెట్టుకుని నడవాలి. మా తాత మాత్రం ఏడాదికోసారి పావురాలు దించితే చాలు. అందుకే ఆయన ఆ వయసులో కూడా నడుం వంగకుండా తిరిగేవాడు.

దీమాలు పెట్టడం నేను ఎన్నోసార్లు దగ్గరుండి చూశాను. ముందు గుప్పెడు పొట్టు తీసి వేళ్ల సందుల్లోంచి వదిలేవాడు. అది ఎటు ఎగిరిపోతోందో చూసుకుని, ప్రతి పావురం మూతినీ దానికి ఎదురు దిక్కుకు తిప్పి నాటేవాడు. అన్నీ ఒకే దిక్కు ఎందుకు చూస్తున్నాయని అడిగితే పని ఆపకుండానే చెప్పాడు.

"పావురం గాలికి ఎదురుంగనే దిగుతది బిడ్డా, ఎదురుంగనే మేస్తది. గాలి ఎన్క నుంచి కొడితే దాని ఈకలు లేస్తయ్, దానికి మంచిగుండదు. గాలికి వీపు పెట్టి నిలబడ్డ పావురాన్ని చూస్తే మిగిలినవి దగ్గరికి గూడ రావు."

నేను చెప్పబోయే ఏడు వానలు సరిగా పడలేదు. కిందటి పంట కోతకూలి కింద వచ్చిన జొన్నలు మాఘమాసానికే అడుగంటాయి. ఇక మిగిలిన ఆశ పరిగె. దొర జొన్నలు కోసి, కట్టలు కళ్లానికి చేర్చాక, చేలో రాలిపోయిన కంకులూ గింజలూ ఏరుకునేందుకు కూలివాళ్లను వదిలేవాళ్లు. అది మా తాతముత్తాతల నాటి ఆనవాయితీ. చేట, గంప పట్టుకుని ఆడవాళ్లూ పిల్లలూ చేలోకి దిగి, నడుములు పడిపోయేదాకా వంగి ఏరేవాళ్లు. కరువు ఏట అదే మాకు పంట.

ఆ ఏడు మాత్రం కట్టలు ఎత్తేసిన రోజునే గడి నుంచి హుకుం వచ్చింది. పట్నం నుంచి దొర దోస్తు, ఒక పెద్ద అధికారి, పావురాల వేటకు వస్తున్నాడు. ఆయనకు విసుగు పుట్టేదాకా రోజూ వేట ఉంటుంది. పావురాలు రావాలంటే గింజలు చేలోనే ఉండాలి గనక అప్పటిదాకా ఒక్క కంకి కూడా ఎవరూ ముట్టకూడదు. ఆ తర్వాత గడి పశువులను మేపుకు తోలుతారు. అంటే ఇక మాకు మిగిలేది మట్టే. చేను గట్టున కావలివాణ్ణి కూడా పెట్టారు.

ఆ సాయంత్రం మా అవ్వ తాతను దులిపేసింది. ఆమె కోపంలో అరిచే మనిషి కాదు, మెల్లగా మాట్లాడేది. మెల్లగా మాట్లాడిందంటేనే మాకు భయం.

"నువ్వు పిలుస్తవ్. అవి వస్తయ్. మా గింజలు తింటయ్. పోరగాండ్లు కాలి కడుపుతోటి గట్టు మీద కూసొని చూస్తరు. మంచి పనే నేర్చినవ్ పో" అంది.

తాత ముందర ఉన్న జొన్న గటక గిన్నెను నా వైపు జరిపి, లేచి బయటికి పోయాడు. ఆ గటక నేనే తిన్నాను. ఆయన తినలేదన్న సంగతి అప్పుడు నాకు పట్టలేదు.

మరునాడు పొద్దున్నే వాడలోని ఆడవాళ్లంతా చేను గట్టుకు చేరారు. దిగనివ్వరని తెలుసు. అయినా గంపలు తెచ్చుకున్నారు. ఇంట్లో కూర్చుని చేసేది మాత్రం ఏముంది? అవ్వ పక్కన నేనూ కూర్చున్నాను. దొరా, ఆయన దోస్తూ మోటారులో వచ్చి చొప్పదడి వెనక కుర్చీల్లో కూర్చున్నారు. మా తాత బుట్ట నిండా దీమాలతో కొయ్యకాళ్ల మధ్యకు నడిచాడు. పొట్టు వదిలాడు. అది మా గట్టు వైపు ఎగిరి వచ్చింది. నా చెంపకు చల్లగా తగులుతున్న గాలీ చేను మీది నుంచే. అంటే దీమాలన్నీ మాకు వీపులు పెట్టి, అవతలి గుట్ట దిక్కు చూడాలి.

తాత ఒక్కొక్కటే నాటుకుంటూ పోయాడు. ప్రతిదీ మా వైపే చూస్తోంది.

ఇంత పెద్ద మనిషి ఇంత తప్పు ఎలా చేస్తున్నాడో అర్థం కాలేదు. దొర ముందర పరువు పోతుందన్న బాధ ఒకటి, నాకు తెలిసిన సంగతి గట్టిగా చెప్పెయ్యాలన్న ఆత్రం ఒకటి. "అవ్వా, తాత ఉల్టా పెడుతుండు" అంటూ లేవబోయాను. అవ్వ నన్ను కిందికి లాగి, కొంగుతో నా నోరు అదిమి పట్టింది. అటు కావలివాడు నాలుగు అడుగుల్లోనే నిలబడి ఉన్నాడు. "సప్పుడు జెయ్యకు" అని చెవిలో అంది. కళ్లు తాత మీది నుంచి తిప్పడం లేదు. ముందురోజు సాయంత్రం అన్న మాటలు ఆమెకు అప్పుడు గుర్తొచ్చి ఉంటాయని ఇప్పుడు అనుకుంటాను.

పావురాలు వచ్చాయి. గుట్ట మీది నుంచి పెద్ద గుంపు వచ్చి చేను మీద ఒక చుట్టు తిరిగింది. కిందికి దిగినట్టే దిగి, దీమాలను చూసి, చటుక్కున పైకి లేచి పక్క ఊరి వైపు పోయింది. మరో గుంపు వచ్చింది, అదీ అంతే. పట్నం ఆయన అందనంత ఎత్తులో పోయేవాటి మీద తుపాకి పేల్చి మందు తగలేసుకున్నాడు. ఎండ ఎక్కింది. ఒక్క పిట్ట దిగలేదు, ఒక్క పిట్ట పడలేదు. దోస్తు ముందర తల తీసేసినట్టయింది దొరకు. తాతను పిలిచాడు.

"ఏందిరా గిది? నా దోస్తు ముందట నా ఇజ్జత్ తీస్తవా?"

"బాంచెన్ దొరా, ముసలోన్నయిన. చూపు ఆనుతలేదు. మల్ల రేపు జర మంచిగ పెడ్త" అన్నాడు తాత, చేతులు కట్టుకుని.

"నీ మొకానికి రేపొకటా?" అని దొర లేచాడు. పట్నం ఆయనకు అప్పటికి ఒక ఆట తోచింది. ఎట్లాగూ పిట్టలు లేవు కదా అని తుపాకి ఎత్తి దీమాలను కాల్చడం మొదలుపెట్టాడు. ఒక్కో దెబ్బకు ఒక్కో కర్ర పావురం తునకలై ఎగురుతుంటే పగలబడి నవ్వాడు. దొర కూడా నవ్వాడు. మా తాత ఏళ్లకేళ్లు కూర్చుని చెక్కినవి అవి. వాటి మెడల దగ్గరి గీతలు దిద్దుతుంటే నేను పక్కన కూర్చుని కబుర్లు చెప్పిన రోజులున్నాయి. ఆయన మాత్రం కట్టుకున్న చేతులు విప్పకుండా నిలబడి చూశాడు. నేను ఏడ్చాను.

వాళ్లు మోటారు ఎక్కుతుంటే కావలివాడు పరుగెత్తిపోయి, చేనును ఏం చేయమంటారని అడిగాడు.

"పిట్టలే రాని చేనుకు కావలి ఎందుకురా!" అని విసుక్కున్నాడు దొర. అడవి పందుల వేటకని అక్కడి నుంచే కృష్ణ ఒడ్డు అడవుల వైపు పోయారు.

ఆ మాట గట్టు మీద అందరికీ వినబడింది. ఎవరు ముందు దిగారో తెలియదు. ఆడవాళ్లంతా ఒక్కసారిగా చేలో పడ్డారు. పొద్దు గుంకేదాకా ఏరాం. గంపలు నిండాయి. కొంగుల్లో మూటలు కట్టుకున్నాం. ఆ ఏడు వాడలో పస్తులు తప్పాయంటే ఆ పరిగె వల్లే. ఏరుతున్న ఆడవాళ్ల మధ్య మా తాత కూడా వంగి తిరుగుతూ, ఇంకేదో ఏరుకున్నాడు. ఆ కర్ర తునకలతోనే అవ్వ ఆ పూట రొట్టెలు కాల్చింది.

పొయ్యి ముందర కూర్చున్నప్పుడు తాతను సూటిగా అడిగేశాను, గాలి దిక్కు మరిచిపోయావా అని. ఆయన నా తల మీద చెయ్యి వేసి, "గాలి దిక్కు నేను మరుస్తనా బిడ్డా? నీ నోట్లకెల్లి గీ మాట బయట పడ్డదంటే దొర నా తోలు తీస్తడు. ఎవలకు చెప్పనని నా మీద ఒట్టు పెట్టు" అన్నాడు. పెట్టాను. అవ్వ అటు తిరిగి రొట్టె తడుతూనే ఉంది. ఆ రోజు మొదటి రొట్టె ఎప్పటిలా నాకు కాక తాతకు వేసింది.

ఆ తర్వాత జరిగినది తలుచుకుంటే ఇప్పటికీ నాకు మనసు కుదుటపడదు. దీమాలు పోయాయి, చూపు పోయిందన్న పేరు వచ్చింది, ఇక వెట్టి మాఫీ ఎందుకుంటుంది? నెల తిరక్కుండానే గడి నుంచి పిలుపొచ్చింది. ఆ వయసులో మా తాత కావడి భుజాన వేసుకుని గడికి నీళ్లు మోశాడు. సాయంత్రం ఇంటికొస్తే భుజం మీద తోలు లేచి ఉండేది. అవ్వ ఆముదం రాస్తుండేది.

ఊరి నోరు ఊరుకుంటుందా? "తాతా, నీ పావురాలు ఎన్కకు నడుస్తయట గదా!" అని ఒకరంటే, దారి చూపుతానని వెక్కిరింతగా చెయ్యి పట్టుకునేవాళ్లు ఇంకొకరు. వాళ్లెవరూ చెడ్డవాళ్లు కాదు. ఆ పరిగె తిని బతికినవాళ్లే. తాత కూడా వాళ్లతో పాటే నవ్వేవాడు. నాకు మాత్రం నాలుక మీద నిప్పు పెట్టుకున్నట్టుండేది.

నైజాం రాజ్యం పోయింది. దొర పట్నం చేరుకున్నాడు. గడికి తాళం పడింది. ఇక భయపడేందుకు ఎవరూ లేరు కాబట్టి, ఇప్పుడైనా అందరికీ చెబుతానని తాతతో అన్నాను. అప్పటికి నేను పెళ్లీడుకొచ్చిన పిల్లను. ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు.

"వద్దు బిడ్డా. గా జొన్నలు వాళ్లు వంగి ఏరుకున్నరు. ఎవలకు దండం పెట్టకుంట తిన్నరు. ఇప్పుడు నువ్వు చెప్తే గది నేను పెట్టిన బువ్వ అయితది. నన్ను చూసినప్పుడల్లా తల దించుకుంటరు. దొరను చూసి దించింది సాలదా?"

మరి నీ పేరో అన్నాను. "పావురాలను సంపిచ్చిన పేరే గద, పోనియ్యి" అన్నాడు.

నాకు మనసొప్పలేదు. కానీ ఆయన మీద పెట్టిన ఒట్టు. ఆ తర్వాత ఎక్కువ కాలం లేడు. పాడె కడుతున్నప్పుడు కూడా ఎవరో, తల ఎటు పెట్టాలి, ఉల్టా పెడితే తాతకు ఇష్టమేమో అన్నారు. ఏడుస్తున్నవాళ్లు కూడా నవ్వారు. నేను ఇంటి వెనక్కి పోయి గోడకు తల ఆనించి నిలబడ్డాను. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదే అన్న బాధ ఇన్నేళ్లయినా నన్ను వదలలేదు.

నా బతుకులో నేనూ ఒకరిద్దరికి చేతనైన సాయం చేశాను. చేసిన ప్రతిసారీ ఎవరితోనైనా చెప్పుకోవాలని నోరు దురద పెట్టేది. తాత మంచం మీద లేచి కూర్చున్నది గుర్తొచ్చి ఊరుకునేదాన్ని. అంత గొప్పగా ఏమీ ఊరుకోలేదు, మనసులో గొణుక్కుంటూనే ఊరుకున్నాను. ఆయనలా నవ్వడం నాకు రాలేదు.

ఆ రోజు ఆ చేలో ఏరుకున్నవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. పోయిన చలికాలంతో నా ఈడువాళ్లలో చివరి మనిషి కూడా పోయింది. ఇక ఈ మాట చెబితే తల దించుకోవలసినదాన్ని నేనొక్కదాన్నే. నాకు అందులో నామోషీ ఏమీ లేదు. అందుకే ఒట్టు తీసి గట్టు మీద పెడుతున్నాను. మా తాతకు చూపు బాగానే ఆనేది. ఆ కరువు ఏట మేమంతా తిన్నది ఆయన పెట్టిన బువ్వ.