సరంగు మావయ్య తనమీద వేసుకున్న తప్పు

సరంగు మావయ్య పోయారని నాగాయలంక నుంచి ఆయన పెద్దకొడుకు ఫోన్ చేశాడు. "నిన్న పొద్దున పోయారండి. మీ నంబరు గోడమీద రాయించుకున్నారు, అందుకని చెబుతున్నాను" అన్నాడు. ఫోన్ పెట్టేశాక నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, భయం. ఆయన పరువు ఆయనకు తిరిగి ఇవ్వాల్సినదాన్ని నేను. రేపు, ఎల్లుండి అంటూ ఏళ్లకేళ్లు గడిపేశాను.

ఆయన నాకు చుట్టం కాదు. ఓడలో తాళ్లూ పడవలూ చూసుకునే పెద్దను సరంగు అంటారు. తొంభైల చివర్లో, కృష్ణ సముద్రంలో కలిసేచోట అడుగున ఏ జీవులు బతుకుతున్నాయో నీళ్లలోకి దిగి చూసే పరిశోధన ఓడ ఒకటి వచ్చింది. అందులో నేను విద్యార్థిని, ఆయన సరంగు. ఎక్కిన గంటలోనే మావయ్యా అని పిలిచేశాను. మా బందరులో వరస కలపడానికి చుట్టరికం అక్కర్లేదు.

మా ఇంట్లో అందరూ బళ్లోనో ఆఫీసులోనో కుర్చీలో కూర్చుని బతికినవాళ్లే. ఆ సంగతి ఓడకు ఎవరు చెప్పారో గానీ, మొదటి రెండు రోజులూ నన్ను నిలబడనివ్వలేదు. తాగిన మంచినీళ్లు కూడా కడుపులో ఆగలేదు. ఇనప గోడకు తల ఆనించుకుని, దేవుడా నన్ను బందరులో పడెయ్యి, మళ్లీ ఈ జన్మలో చేపల జోలికి పోను అని ఏడ్చాను. మావయ్య గంజిలో ఉప్పేసి, ఉల్లిపాయ ముక్క పక్కన పెట్టి తెచ్చేవారు. "వాంతికి సిగ్గేంటండి అమ్మాయిగారూ, సముద్రానికి చందా ఇచ్చాననుకోండి. భయపడనోడితో నేనసలు పడవే ఎక్కను" అనేవారు. ఆ రెండు రోజులూ నాతో మనిషిలా మాట్లాడింది ఆయనొక్కరే.

డైవింగ్ అధికారికి ఆడపిల్ల ఓడలో ఉండటమే నచ్చలేదు. "మూడోరోజు దిగాలి. భయపడి పైకొస్తే మర్నాడు సామాన్ల పడవలో ఇంటికి వెళ్లిపోవడమే" అన్నాడు. వెళ్లిపోతే నా పరిశోధన అక్కడితో సరి. చదివించడమే దండగని మా పెదనాన్న అప్పటికే అంటున్నాడు.

దిగేవాళ్ల నడుముకు తాడు కడతారు. దాని రెండో కొస పైన సరంగు చేతిలో ఉంటుంది. ఒకసారి లాగితే బాగున్నానని, నాలుగుసార్లు లాగితే పైకి లాగమని. మూడోరోజు పొద్దున దిగాను. ఈతకొలనులో నేర్చుకున్న విద్య నాది. ఇక్కడ నీళ్లు పాలు తక్కువైన టీలా ఉన్నాయి, నా చెయ్యి నాకే కనబడలేదు. నాలుగు నిమిషాలు కూడా ఉండలేదేమో. ఊపిరి ఆగిపోతున్నట్టనిపించి పిచ్చిదానిలా తాడు లాగాను. నాలుగుసార్లు, లెక్కపెట్టి మరీ లాగాను.

పైకి వచ్చేసరికి అధికారి నించునే ఉన్నాడు. "ఏమైంది? ఎన్నిసార్లు లాగావు?" అన్నాడు.

"ఒక్కసారేనండి" అన్నారు మావయ్య. "మా వలల కాడ ఒక్క లాగంటే పైకి తియ్యమనండి. నలభయ్యేళ్ల అలవాటు, చెయ్యి ఊరుకోలేదు. తప్పు నాదండి, అమ్మాయిగారిది కాదు."

అధికారి ఆయన చేతిలోంచి తాడు లాక్కున్నాడు. ఒకటికీ నాలుగుకీ తేడా తెలియనివాడికి మనుషుల ప్రాణాలు అప్పగించానా అని అందరి ముందూ తిట్టాడు. ఆ మధ్యాహ్నం నుంచి సరంగు వంటగదిలో ఉల్లిపాయలు తరుగుతూ కూర్చున్నారు.

నిజం చెప్పేస్తానని వెళ్లాను. "చెప్పి ఏం చేస్తారండి? నా మాట అబద్ధమైపోతుంది, మీ చదువూ పోతుంది. రేపు దిగండి, అది చాలు నాకు" అన్నారు కత్తిపీట మీంచి తల ఎత్తకుండా. నేను అమ్మయ్య అనుకున్నాను. ఇన్నేళ్లూ నన్ను కుళ్లబొడిచింది ఆ అమ్మయ్యే. మర్నాడు దిగాను. ఆ తర్వాతా దిగాను. ఇవాళ కాలేజీలో నలుగురికి పాఠం చెబుతున్నానంటే ఆ మర్నాటి చలవే. పండక్కీ పబ్బానికీ ఫోన్ చేసినప్పుడల్లా ఆయన, "భోంచేశారా అండి?" అని అడిగేవారు. ఓడ సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

పదకొండో రోజున నాగాయలంక వెళ్లాను. ఆయన భార్య నన్ను పోల్చుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "ఆ ఓడ దిగొచ్చాక మీ మావయ్య ఎవరికీ తాడు పట్టలేదమ్మా. రేవులో కుర్రాళ్ల కాణ్ణించీ 'ఏం మావా, ఒకటా నాలుగా' అని వెక్కిరించేవోళ్లు. నవ్వి ఊరుకునేవోడు. నేనూ ఓసారి అన్నాను, వయసైపోయింది నీకు, చెయ్యి తప్పుతోందీ అని" అంది.

ఇంట్లో కూడా చెప్పలేదన్నమాట. ఆ ముసలమ్మ కాళ్లు పట్టుకుని జరిగిందంతా చెప్పాను. నాలుగుసార్లే లాగానని, ఆయన చెయ్యి ఏనాడూ తప్పలేదని చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

ఆవిడ వాకిట్లో కూర్చున్న మరిదిని కేకేసింది. "ఇంకోసారి చెప్పమ్మా. గట్టిగా చెప్పు, ఈడికి చెవుడు" అంది. చెప్పాను. కొడుకులకు చెప్పించింది, వియ్యాలవారికి చెప్పించింది. భోజనాలకు వచ్చినవాళ్లు తిరిగి వెళ్లిపోతుంటే, తనే గోడ పట్టుకుని లేచి వీధిలోకి నడిచింది. రేవుకు పోయే దారిలో నిలబడి, వలలు మోసుకెళ్తున్న ప్రతి మనిషినీ ఆపి చెబుతోంది: "నాలుగేనంటయ్యా. నాలుగే."