రాజులమ్మ వంతు

రాజులమ్మకి మాంసం పడదని ఊళ్ళో ఒక పుకారు. ఒట్టి అబద్ధం. నాటుకోడి పులుసంటే ప్రాణం పెట్టే మనిషి. ఆమెకి రోత పుట్టించింది మరిది రవిబాబు కొట్టు. అరకు రోడ్డు మలుపులో బ్రాయిలర్ కోడిని వెదురు బొంగుల్లో కూరి, కాల్చి, టూరిస్టులకి అమ్ముతాడు. ఆ కోళ్ళు కోసేదీ ముక్కలు కలిపేదీ రాజులమ్మే.

అబ్బబ్బ, ఏం కంపు! ఘాట్ ఎక్కొచ్చే వ్యాన్‌లో ప్లాస్టిక్ బుట్టలు ఒకదాని మీద ఒకటి. పై బుట్టలోవి వేసే రెట్టంతా కింది కోళ్ళ నెత్తినే. రొమ్ము మీద ఈకలుండవు, పుండ్లు. కోస్తే చేతికి జిగట. ఆ జిగటకే ఎర్రరంగు పట్టించి, బొంగులో కుక్కి, పైన ‘అసలైన గిరిజన వంట’ అని బోర్డు! సబ్బుతో ఎంత తోమినా గోళ్ళ సందున ఆ వాసన పోయేది కాదు. అన్నం ముద్ద నోటి దాకా వస్తే అదే వాసన. ఒకరోజు భళ్ళున కక్కేసి, తేల్చి చెప్పేసింది.

“నానింక ఊరి వంతు మాంసమే తింతాను. ఇంకేటీ ముట్టను.”

పండగనాడు ఊరి తల్లికిచ్చిన నాటుకోళ్ళని ఇంటికొక అడ్డాకులో సమానంగా పంచుతారు. అదే ఊరి వంతు. ఆకు పడిన ఇల్లు ఊరిది. ఆకు వద్దన్న ఇంటికి పెళ్ళయినా చావైనా ఎవరూ వెళ్ళరు.

“మాలేసుకున్నావేటి వదినా?” అని రవిబాబు ఇకిలించాడు.

“నోర్ముయ్. మాల తీసినోళ్ళు మళ్ళీ తింతారు. నీ కోడిని నానెప్పుడూ తినను.”

ఆ ఏడంతా లేత వెదురు కొమ్ముల కూర, చిక్కుడు గింజలు, రాగి అంబలి. మొగుడు సంత నుంచి మాంసం తెచ్చినా గిన్నె వైపు చూడలేదు. అలాగని నోరు ఊరుకుంటుందా? కొత్త కొర్రలు వండుకునే కొర్రకొత్త పండగ దగ్గరపడేకొద్దీ నాలుక పీకేసేది.

పండగ రానే వచ్చింది. ఈసారి కోళ్ళన్నీ తనవేనని రవిబాబు ఊరికి మాటిచ్చాడు. వ్యాన్‌లోంచి దిగాయి, అవే బుట్టలు.

“ఛీ! తల్లికి ఈ కుళ్ళేటిరా?”

“కోడి కోడే కదా వదినా! బేగి కానీండి.”

తల్లి ముందు కోడిని దించి బియ్యం గింజలు చల్లుతారు. అది పొడుచుకు తింటే తల్లి ఒప్పుకున్నట్టు. ఆ తరువాతే కత్తి. పుట్టిన్నాటి నుంచి గిన్నెలో మేత తిన్న కోడికి నేల మీద గింజ ఏరుకోవడం ఏం తెలుసు? చతికిలబడి కళ్ళు మూసుకుంది. పక్కనే నీళ్ళరెట్ట వేసింది. జనం చూశారు, చూశారు. రవిబాబుకి ఓపిక చచ్చి, దాని మెడ పట్టుకుని ముక్కుని గింజల్లోకి అదిమాడు.

“తినేసింది! తినేసింది!”

పూజారి మల్లేశు చూపు పక్కకి తిప్పుకుని కత్తి అందుకున్నాడు.

“తిన్నేదు. నాను సూసాను” అంది రాజులమ్మ.

“కోడలా, ఊరంతా ఆకలి మీదుంది” అన్నాడు మల్లేశు. “నీకు వంతొద్దా, ఆ మాట సెప్పు. నీ ఇంటి ఆకు తీసేత్తాం.”

పక్కన మొగుడి మొహంలో నెత్తురు చుక్క లేదు. రాజులమ్మ అతన్ని ఒకసారి చూసి మల్లేశు వైపు తిరిగింది.

“వంతు కావాల. నా ఇంటి ఆకెయ్యండి.”

కోళ్ళు తెగాయి. ఆమె ఆకులోనూ ముక్కలు పడ్డాయి. పాలిపోయిన ముక్కలు, అదే జిగట. ఏడాదంతా నోరు కట్టుకున్నది ఈ దరిద్రం కోసమా! అందరూ చూస్తుండగానే ముక్కలన్నీ, పంచగా మిగిలినవి ఊరుమ్మడిగా వండే డేగిసాలో కుమ్మరించింది. తల్లి ముందుకెళ్ళి, రెట్ట తగలని గింజలు ఏరి ఆకులో పోసుకుంది.

“ఇదీ తల్లి కాడ ఎట్టిందే. నా వంతు ఇదే.”

మల్లేశు ఆ గింజల వైపు చూశాడు. తల దించుకున్నాడే గానీ, ఆకు తీసెయ్యమని మాత్రం అనలేదు.

డేగిసా ఉడికింది. ఆ వాసనకి రాజులమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. అంతలోనే నోట్లో నీళ్ళూ ఊరాయి. సిగ్గులేని నోరని తిట్టుకుంటూ పచ్చి బియ్యం నమిలింది. ఏడ్చిందా అంటే, ఏడ్చింది. కొత్త కొర్రన్నంలోకి ఒక్క నాటుకోడి ముక్క కోసం, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.