పారబోసిన చెంబెడు నీళ్లు

నా మనవరాలు సముద్రపు ఒడ్డు జాలరుల మీద చిన్న సినిమా తీసి నిన్న చూపించింది. అందులో ఒక ముసలామె పడవలో చేరిన నీళ్లను చెంబుతో బయటికి తోడిపోస్తుంటే నా పాత కుళ్లు మళ్లీ లేచింది.

అరవై ఏళ్ల కిందట మా కరువు ఊరు నల్లమాడ బడిలో, కిటికీలకు కంబళ్లు కట్టి, సర్కారు వాళ్లు ఇలాంటి బొమ్మే ఆడించారు. తెర మీద నా ఈడు పిల్ల నవ్వుతూ పడవలోంచి చెంబులకు చెంబులు పారబోస్తోంది. "ఏమే పాపా, నీళ్లట్ల పారబోస్తాండావే!" అని మా అవ్వ తెర మీదికి అరిచింది. అవి ఉప్పునీళ్లని మాలో ఎవరికీ తెలియదు.

మరునాడు ఏటి ఇసుకలో చెలమ తవ్వి, నీళ్లు ఊరేదాకా కూర్చుని అమ్మ కడవ నింపింది. అందులోంచి ఒక చెంబు నేనూ పారబోశాను, అచ్చం ఆ పిల్లలాగే నవ్వుతూ. అమ్మ కొట్టలేదు. "నీ వంతు నీళ్లు ఆడ పోసినావు. ఇంక రేపే" అంది. పొద్దుగూకేదాకా నాలుక ఎండి, ఆ పిల్లనే తిట్టుకున్నాను.

మనవరాలి సినిమా చివర్లో ఆ ముసలామె మంచినీళ్ల కోసం బిందె చంకనెత్తుకుని ఇసుకదిబ్బ ఎక్కుతూ అంటుంది: "ఇంత సముద్రముండి ఏం లాభమమ్మా? మెట్ట ఊళ్లోళ్లదే భోగం. తవ్వుకుంటే తియ్యటి నీళ్లు."

ఆ గొంతులోని కుళ్లు నాకు బాగా తెలుసు.