మేస్త్రిగారు చెప్పని సగం

మా మేస్త్రిగారు పోయారని సోమవారం పొద్దున్న ఫోను వచ్చింది. అప్పుడు నేను ఆటోనగర్‌లో నా షెడ్డులో ఒక కారులో కూర్చుని, ల్యాప్‌టాప్ తగిలించి దాని ఇంజిన్ పవరు పెంచుతున్నాను. ఆయన వద్దన్న పనే. ఆ వార్త విన్నాక కూడా లేవలేకపోయాను. ఆ పని సగంలో ఆపితే కారు ఇక కదలదు.

పన్నెండేళ్లు ఆయన దగ్గర పని నేర్చుకున్నాను. ఏ బండి వచ్చినా బానెట్ ఎత్తకముందే, "ఎవరు తోల్తారండీ? పెట్రోలు ఎక్కడ కొట్టిస్తారు?" అని అడిగేవారు. టర్బో ఉన్న కారైతే హైవే మీంచి రాగానే ఇంజిన్ ఆపనిచ్చేవారు కాదు. కాలిన టర్బో కాస్త చల్లారేలా, పరలోక ప్రార్థన ఒకసారి చెప్పుకుని అప్పుడు ఆపమనేవారు. అది రానివాళ్లకి, "మీకొచ్చిన శ్లోకం చదూకోండి, ఇంజిన్‌కి పట్టింపు లేదు" అనేవారు.

టర్బో అనేది ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి ఎక్కిస్తుంది; ఎంత ఒత్తితే అంత పవరు. ఎంత ఒత్తాలో కారు కంప్యూటర్‌లో కంపెనీవాళ్లు అంకె పెడతారు. దాన్ని మార్చడం పావుగంట పని. "ఇంత ఇంజిన్ చేసి పవరు దాచుకోడమేంటి మేస్త్రిగారూ, పిసినారితనం కాకపోతే?" అన్నాను ఒకసారి.

"దాచుకోలేదురా పిచ్చోడా! మన రోహిణి ఎండకి కొంత, కల్తీ పెట్రోలుకి కొంత, సర్వీసింగ్ ఎగ్గొట్టే మహానుభావుడికి కొంత వదిలారు. ఈ బండి కశ్మీరులో తిరుగుద్దో బెజవాడలో తిరుగుద్దో వాళ్లకేం తెలుసు? మీ ఇంట్లో మగ్గం ఉందిగా, పడుగు తెగకుండా ఎంత బిగించాలో మీ నాన్ననడుగు."

నేను అడిగితేగా! ల్యాప్‌టాప్ కొని, సొంత షెడ్డు పెట్టి, కనబడ్డ ప్రతి కారుకీ పవరు పెంచాను. వాటిలో చల్లపల్లి చీరల వ్యాపారి కారు ఒకటి. ఆ ఎండాకాలమే అది నలుగురు మనుషులతో, ఏసీ వేసుకుని పోతూ గన్నవరం దగ్గర పొగ కక్కి ఆగిపోయింది. ఇంజిన్ విప్పడం నాకంత చేతకాదు. మేస్త్రిగారి షెడ్డుకే లాక్కెళ్లాం. పిస్టన్‌కి పావలా కాసంత చిల్లు పడింది.

ఆయన పిస్టన్ వంక చూశారు, నా వంక చూశారు.

"ఏమైందండీ?" అన్నారు వ్యాపారి.

"ఈ ఎండకి, ఆ పెట్రోలుకి తట్టుకోలేదండి."

వ్యాపారి పెట్రోలు బంకు వాళ్లని నానా తిట్లూ తిట్టి వెళ్లిపోయారు. అప్పుడు మేస్త్రిగారు చేతులు తుడుచుకుంటూ, "నీ పొట్ట కొట్టలేక సగమే చెప్పాను. మిగతా సగం నువ్వు చెప్పుకో" అన్నారు.

చెప్పలేదు. ఇంజిన్ బాగుచేసి, అంకెని మళ్లీ కంపెనీ పెట్టిన చోటికే తెచ్చారు మేస్త్రిగారు. నెల తిరక్కుండా వ్యాపారి నా దగ్గరికొచ్చి, "తప్పు పెట్రోలుదేగా, మళ్లీ పెంచండి" అన్నారు. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పెంచాను. అప్పట్నించీ ఫోను మోగితే ముందు వ్యాపారి నంబరేమోనని చూసేవాణ్ణి. మేస్త్రిగారి షెడ్డున్న వీధిలోంచి పోవడమే మానేశాను. ఆయన మంచాన పడ్డాక చూడ్డానికి వెళ్తే, "తిన్నావా?" అని మాత్రం అడిగారు. ఆ సంగతి అడిగి, నాలుగు చీవాట్లు పెట్టినా బాగుండేది.

మేస్త్రిగారి కోసం చర్చిలో పెట్టిన ఆదరణ కూడికలో పాస్టరుగారు నన్ను మాట్లాడమన్నారు. చూద్దునుగదా, రెండో వరసలో ఆ వ్యాపారి. అంతకుముందు మాట్లాడిన ప్రతివాళ్లూ మేస్త్రిగారి నోట అబద్ధం రాదన్నారు. నా వంతు వచ్చింది.

"నిజమేనండీ, ఆయన అబద్ధమాడలేదు. నాకోసం ఒక్కసారి సగం నిజం మింగారు," అని వ్యాపారి వైపు తిరిగాను. "మీ పిస్టన్ని కాల్చింది పెట్రోలొక్కటే కాదండీ, పవరు పెంచిన నేను కూడా. ఆ కారు ఇప్పుడూ అలాగే ఉంది."

సిగ్గుతో చచ్చిపోయాను గానీ, చాలా రోజులకి ఊపిరాడింది.

భోజనాలప్పుడు వ్యాపారి నా దగ్గరకొచ్చారు. "మా పాప రోజూ కాలేజీకి దాంట్లోనే వెళ్తందయ్యా" అన్నారు. తిట్టలేదు. నేను చెయ్యి కడుక్కుని ల్యాప్‌టాప్ తెచ్చి, చర్చి ఆవరణలోనే ఆ కారులో కూర్చుని, అంకెని కంపెనీ పెట్టిన చోటికి దించడం మొదలుపెట్టాను. ఎవరో ఆయనకి నీడలో కుర్చీ వేశారు. ఆయన వెళ్లలేదు. ఆ పావుగంటసేపూ ఎండలో బానెట్ మీద అరచెయ్యి ఆనించి, అద్దంలోంచి నన్నే చూస్తూ నిలబడ్డారు.