రెండు సంచుల పసుపు నెత్తురు

ఇవాళ పొద్దున బ్లడ్ బ్యాంకులో కొత్తగా చేరిన డాక్టరమ్మాయి మంచులా గడ్డకట్టిన ప్లాస్మా సంచిని నా చేతిలో పెట్టి, "కరిగించమంటారా సార్?" అని అడిగింది. అరచెయ్యి మండేంత చల్లగా ఉంది. ఎవరికి, ఎందుకు అన్నాను. "పేషెంటు బాగా నీరసంగా ఉన్నాడు సార్" అంది. నాకు కోపం రాలేదు, అలసట వచ్చింది. ఈ నీరసం మాట ఎన్ని వందలసార్లు విన్నానో. వద్దని చెప్పి నా గదికొచ్చి కూర్చున్నాను. సుగుణ డాక్టరమ్మ గుర్తొచ్చారు.

ఎనభైల మొదట్లో తిరుత్తణిలో ఆవిడ నడిపే చిన్న ఆస్పత్రిలో నా మొదటి ఉద్యోగం. ఆవిడది పొన్నేరి వైపు రైతు కుటుంబం. అప్పటికే యాభై దాటాయి, కాళ్లకు నీరు పట్టి ఎక్కువసేపు నిలబడలేకపోయేవారు. ప్లాస్మా మద్రాసు నుంచి రావాలి. మా అటెండరు ఐసు పెట్టెలో పెట్టుకుని, తిరువళ్ళూరులో దిగి మళ్లీ ఐసు నింపుకుని, తరువాతి బండి పట్టుకుని వచ్చేవాడు. అంత తిప్పలు పడినా మా ఫ్రీజరులో ఎప్పుడూ రెండు సంచులకు మించి ఉండేవి కావు. జనం దాన్ని పసుపు నెత్తురు అనేవాళ్లు. ఒంట్లోకి ఎక్కితే ఎక్కడలేని బలం వస్తుందని వాళ్ల నమ్మకం. నిజానికి అది నెత్తురు గడ్డకట్టక కారిపోయేవాళ్లకు ఇచ్చేది.

ఎవరడిగినా ఆవిడ ఒకటే పని చేసేవారు. రోగి నెత్తురు కొంచెం గాజు గొట్టంలోకి తీసి, ఒంటి వేడి తగిలేలా పిడికిట్లో పట్టుకుని, మంచం పక్కన స్టూలు మీద కూర్చునేవారు. గోడ గడియారం చూస్తూ పది నిమిషాలు. ఈలోగా బంధువులు బతిమాలేవాళ్లు, బెదిరించేవాళ్లు. ఆవిడ గడియారం మీంచి చూపు తిప్పేవారు కాదు. తరువాత గొట్టం వంచి చూపించేవారు.

"గడ్డ కట్టినాది, చూడు. యాడా నెత్తురు కారేది లేదు. ఈయనకి ప్లాస్మా దేనికి? గంజి తాపండి."

నాకది ఉత్త మొండితనం అనిపించేది. ఒకసారి ఆవిడతో అనేశాను కూడా. "మొండితనమే నాయనా," అన్నారు. "ఉండేది రెండు. అడిగేవాళ్లు ఊరంత."

కొండ మీది గుడికి కావళ్లు మోసే ఆడికృత్తిక పండగ ముందురోజు ఆవిడ కాళ్లనొప్పులతో ఇంట్లో ఉండిపోయారు. డ్యూటీ నాది. పళ్ళిపట్టు దగ్గర్నుంచి ఒక రైతు తన తండ్రిని తెచ్చాడు. ముసలాయన జ్వరం పడి లేచాడు, నాలుగడుగులు వేస్తే ఆయాసం. మర్నాడు కావడి మోసుకుని కొండెక్కాలని మొక్కు.

"అయ్యా, ఇన్నేండ్లలో ఒక్క ఏడు తప్పలేదు. ఆ పసుపు నెత్తురు ఎక్కించినారంటే మెట్లెక్కేస్తాడు. ఇదే ఆయనకి కడాశి కావడి, వచ్చే ఏటికి ఉంటాడో లేదో" అన్నాడు కొడుకు.

మాదీ ఆ పక్క ఊరే. మా తాతా కావడి మోసినవాడే. గాజు గొట్టం తియ్యనేలేదు నేను. రెండు సంచులూ గోరువెచ్చని నీళ్లలో వేసి, కరిగాక ముసలాయనకు ఎక్కించేశాను. ఒకసారి కరిగిస్తే మళ్లీ దాచడానికి లేదని తెలుసు. పొద్దున్నే మనిషిని పంపి వేరేవి తెప్పిద్దాంలే అనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం, వీధంతా కావడి మేళాలు మోగుతుండగా, కన్నియమ్మ అనే ఆమెను ఎద్దులబండి మీద తెచ్చారు. ఇరవై రెండేళ్లుంటాయి. ఇంట్లోనే కాన్పయింది, బిడ్డ బాగుంది, తల్లికి నెత్తురు ఆగడం లేదు. కబురందుకుని డాక్టరమ్మ కుంటుకుంటూ వచ్చారు. నేను సూదులు వేసి పొట్ట నొక్కి పట్టుకుంటే, ఆవిడ గొట్టం పిడికిట్లో పట్టుకున్నారు. పది నిమిషాలకు వంచారు. నెత్తురు నీళ్లలా జారింది.

"సంచులు కరిగించు" అన్నారు. నేను పొట్ట మీంచి చేతులు తియ్యలేదు.

"యాడ ఉండాయి?"

చెప్పాను. ఆవిడ నన్నొకసారి చూసి, మళ్లీ పనిలో పడ్డారు. గ్రూపు కలవడంతో భర్త నెత్తురు, అతని తమ్ముడి నెత్తురు అప్పటికప్పుడు తీసి ఎక్కించాం. పొద్దున ప్లాస్మాకని నేను మద్రాసు పంపిన అటెండరు తిరిగొస్తూ పండగ జనంలో తిరువళ్ళూరు స్టేషన్లోనే చిక్కుకుపోయాడు. సాయంత్రం కాకముందే కన్నియమ్మ ప్రాణం పోయింది. ఆ సంచులుంటే బతికేదని ప్రమాణం చెయ్యలేను. బతికే దారి ఒకటి ఉండేది. దాన్ని నేను మూసేశాను.

భర్త బిడ్డను ఒళ్లో పెట్టుకుని వరండాలో కూర్చున్నాడు. డాక్టరమ్మ అతని పక్కన నేల మీదే కూలబడ్డారు. "మా దగ్గర ఉండాల్సింది లేకుండా పోయినాది. తప్పు మాదే నాయనా, మీది కాదు" అన్నారు.

అతను తల ఊపాడు. నాకేసి తిరిగి చేతులు జోడించాడు. "మీరు అప్పుట్నుంచి నీళ్లు గూడా తాగలేదయ్యా" అన్నాడు.

ఆ సాయంత్రం రాజీనామా రాసిచ్చాను. ఆవిడ చదవకుండా బల్లమీద పెట్టి కాళ్లు చాపుకున్నారు.

"నేను గూడా ఇట్నే ఒకరికి ఇచ్చినాను, నీ వయసులో. ఎవురో పెద్దమనిషి, నీరసమన్నాడు. మర్నాడు కావాల్సినామెకు లేకపోయినాది. ఈ గొట్టం పట్టుకునేది అప్పుట్నుంచే." కాగితం నాకేసి తోసి అన్నారు: "నువ్వు పోతే కొత్తగా వచ్చేవాడు ఇంకొకరిని చంపి నేర్చుకోవల్ల. రేపు ఓపీకి రా."

వెళ్లాను. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. ప్లాస్మా ఎప్పుడివ్వాలో, ఎప్పుడివ్వకూడదో కొత్త డాక్టర్లకు పాఠం చెప్పేటప్పుడు కన్నియమ్మ సంగతి చెబుతాను. "ఒక డ్యూటీ డాక్టరు" అని మొదలుపెడతాను. అది నేనేనని ఎవరికీ చెప్పలేదు, ఆమె భర్తకు కూడా. అతను మాత్రం ఆ పిల్ల పెద్దదయ్యేదాకా, జ్వరమొచ్చినా దగ్గొచ్చినా, నన్నే వెతుక్కుంటూ వచ్చేవాడు.