వ్యాసం నెత్తిన అమ్మ పెట్టిన వాక్యం

ఎనభైల మధ్యలో, మేం అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉన్నప్పుడు, చరిత్రలో పీహెచ్‌డీ సీటు కోసం అప్లై చేశాను. అప్లికేషన్‌తో పాటు సొంతంగా రాసిన వ్యాసం ఒకటి పంపాలి. కార్ల ఫ్యాక్టరీ మూతపడి ఉద్యోగాలు పోయిన ఆడవాళ్ళ మీద రాశాను. పరీక్షలతో నాకు ఊపిరి సలపక, ఫెయిర్ కాపీ టైప్ చేసి పోస్ట్ చేసే పని అమ్మకు అప్పగించాను. అమ్మ ఆసుపత్రి ఆఫీసులో టైపిస్టు. ఒక్క తప్పు దొర్లదు.

నెత్తిన బైబిల్ వాక్యం ఒకటి లేకుండా మా ఇంట్లో ఏ కాగితమూ గడప దాటదు. పెళ్ళి కార్డైనా సరే, చర్చి ఆంటీకి తిరిగిచ్చే గిన్నె మీద అంటించే చీటీ అయినా సరే. ఆ సంగతి నాకు తట్టి చావలేదు.

ఇంట్లో మిగిలిన కాపీ చూసేసరికి ఒళ్ళు మండిపోయింది. టైటిల్ కింద, ఆకలిగొన్నవాళ్ళను దేవుడు విడిచిపెట్టడనే అర్థం వచ్చే వాక్యం!

"ఎవరు పెట్టమన్నారమ్మా? ఇదేమన్నా చర్చి కరపత్రమా? నా సీటు పోతే?"

"అరవకే. వాక్యం లేకుండా ఎట్టా పంపిస్తాం?"

ఆ వారమంతా ఆవిడతో సరిగ్గా మాట్లాడలేదు.

ఇంటర్వ్యూకు పిలిచారు. పెద్ద ప్రొఫెసర్ నా వ్యాసం తెరిచి, "పైన ఎపిగ్రాఫ్‌గా పెట్టిన ఆ వాక్యం బ్రిలియంట్! ఒక్క లైన్‌తో మతాన్ని ఏకిపారేశావు" అన్నాడు. పక్కనున్న ఇద్దరూ పగలబడి నవ్వారు.

ఊరికే తలాడిస్తే సీటు నాదే. అయినా కోపం ఆగలేదు. మా అమ్మను నేను లక్ష అంటాను, వీళ్ళెవరు నవ్వడానికి?

"అది వెటకారం కాదు. మా అమ్మ పెట్టింది. నమ్మి పెట్టింది. నాన్న ఉద్యోగం పోయిన ఏడాది ఆ మాట చెప్పుకునే మమ్మల్ని సాకింది" అన్నాను.

నవ్వులు ఆగిపోయాయి. "అయితే ఇది నీ ఆలోచన కాదన్నమాట" అంటూ పెద్దాయన ఏదో రాసుకున్నాడు. నా ఆలోచన ఏమిటో వ్యాసం నిండా ఉంది. చదివి చస్తేగా!

సీటు రాలేదు. ఆ నవ్వులు తలుచుకుంటే ఇప్పటికీ పళ్ళు నూరుకుంటాను. సీటు లేదని వచ్చిన ఉత్తరం చూసి అమ్మ మెల్లగా, "నా వాక్యం వల్లేనా అమ్మాయ్?" అంది.

"కాదమ్మా. నువ్వు దాన్ని నిజంగానే నమ్మి పెట్టావంటే వాళ్ళకు అర్థం కాలేదు."

"అంత చదువుకునీనా?" అంది అమ్మ.