రెండు ఖాళీ ముక్కలు, కొండమ్మ మంద

కొండమ్మ కోపం కోట్‌పల్లి చుట్టుపక్కల అందరికీ తెలుసు. భర్త పోయిన ఏడాది, మందను అమ్ముకొమ్మని సలహా చెప్పడానికి వచ్చిన బావగారిని వాకిట్లోంచే తిప్పి పంపింది. నూట ఇరవై గొర్రెలను ఒంటిచేత్తో కాసి, ఏటా పొట్టేళ్ళను అమ్మి, కూతురు పూజితను ఎమ్మెస్సీ దాకా చదివించింది. ఆ కోపమే లేకపోతే పెద్దమనుషులు ఆమెను ఎప్పుడో నమిలి మింగేసేవాళ్ళు కాదా!

ఎండాకాలం వస్తే ఆమె మంద తాండూరు వైపు కదులుతుంది. కంది చేలల్లో రాత్రిళ్ళు గొర్రెలను పడుకోబెడితే ఆ పెంట నేలకు బలం. బదులుగా రైతు గింజలు కొలిచి ఇస్తాడు. పాండురంగం పటేలు చేన్లో ఆమె మంద దిగడం ఇరవై ఏళ్ళుగా ఉన్నదే. అత్త నేర్పిన పద్ధతి ఒకటి కొండమ్మ ఇప్పటికీ తప్పదు. మంద దిగిన చేన్లో మూల మిగల్చకూడదు. ఒప్పుకున్న రాత్రులు అయిపోయినా సరే, మిగిలిన చోట ఊరికే పెట్టి మరీ లేవాలి. పంక్తిలో ఒకరికి వడ్డించి పక్కవాడి ఆకు ఎండబెడతామా అనేది ఆ అత్త.

కిందటేడు ఆ చేన్లోకి విశ్వవిద్యాలయం వచ్చింది. జర్మనీలోని మరో విశ్వవిద్యాలయంతో కలిసి చేసే పరిశోధనట. సున్నంతో గీతలు గీసి చేనును నాలుగు ముక్కలు చేశారు. రెండింట్లో మంద పెట్టాలి, రెండు ఖాళీగా వదలాలి. గింజలు ఈసారి విశ్వవిద్యాలయమే ఇస్తుంది. ఈ సంగతి ప్రొఫెసరు మహిధర్ పాండురంగానికి చెప్పాడు. పక్కనే గొర్రెలతో నిలబడ్డ మనిషి వైపు తల కూడా తిప్పలేదు. మట్టీ మొక్కా కొలిచి రాసుకునే పని మాత్రం పూజితది. సొంతవాళ్ళ మంద అని తెలిస్తే లెక్కలను అనుమానిస్తారని, ఆమె తన తల్లి అని సారుకు చెప్పలేదు. తల్లినీ చెప్పొద్దంది. కొండమ్మ సరేనంది గానీ, కన్నకూతురు పుస్తకం పట్టుకుని పరాయిదానిలా పక్కనుంచి వెళ్ళిపోతుంటే, ఏ తప్పూ చేయని పొట్టేలును కట్టెతో అదిలించింది.

ఇంటికొచ్చాక అడిగింది. "గా రెండు ముక్కలు ఎందుకు ఇడిసిపెట్టుడు, బిడ్డా?"

"నీకు జెప్పినా సమజ్ కాదమ్మా. గది పెద్ద లెక్క," అంది పూజిత, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా.

కొండమ్మ తనకు తోచిన లెక్క తాను వేసుకుంది. ఇంత పెద్ద విశ్వవిద్యాలయం నాలుగు శేర్ల గింజల దగ్గర కక్కుర్తి పడుతోందన్నమాట. సిగ్గులేని చదువులు! మంద లేచే ముందు ఆ ఖాళీ ముక్కల్లో కూడా ఊరికే గొర్రెలను పెట్టింది. కోపంలో రెండు రాత్రులు ఎక్కువే పెట్టింది. పాండురంగం చూశాడు. ఏటా చూస్తున్నదే కదా, ప్రొఫెసరు మాట ఆయనకు గుర్తే రాలేదు.

జనవరిలో కంది కోసి తూచారు. నాలుగు ముక్కలూ ఒక్కలాగే పండాయి. పూజిత ఉన్నది ఉన్నట్టు రాసి ఇచ్చింది. ఏప్రిల్ నుంచి ఆరు నెలలు జర్మనీ ప్రయోగశాలలో పని నేర్చుకోవడానికి ఆమె పేరే ఖాయమైంది. పాస్‌పోర్టు కూడా చేతికొచ్చింది. అప్పుడు మహిధర్ పిలిచి, నాలుగూ ఒక్కలాగే ఎలా పండుతాయి, చేన్లోకి పోకుండా ఇంట్లో కూర్చుని అంకెలు రాశావని అన్నాడు. వారంలో కారణం చెప్పకపోతే పేరు కొట్టేసి శ్రేయ అనే ఇంకో అమ్మాయిని పంపిస్తానన్నాడు.

పూజిత ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. రెండో రోజుకు గానీ విషయం బయటపెట్టలేదు. విన్న కొండమ్మ తెల్లబోయింది.

"గా ఖాళీ ముక్కలల్ల గూడ నేనే మంద పెట్టిన గదనే!"

మర్నాడు పొద్దున్నే తల్లీకూతుళ్ళు వికారాబాద్ బస్సెక్కారు. స్టేషన్ దగ్గర ఒక మేడమీద ఉంది ప్రాజెక్టు ఆఫీసు. కొండమ్మ చెప్పులు విప్పకుండా, పిలవకుండా లోపలికి వెళ్ళింది.

"ఆ పిల్ల అబద్ధం రాయలే, సారు. అన్ని ముక్కలల్ల మంద పెట్టింది నేను."

మహిధర్ మొహం వికసించింది. కారణం దొరికింది కదా! అప్పటికప్పుడు ఒక కాగితం రాయించి చదివాడు. చదువురాని కూలిమనిషి, తనకు చెప్పిన మాట లెక్కచేయకుండా, నిర్లక్ష్యంతో ప్రయోగం పాడుచేసింది అని దాని సారాంశం. దానిమీద వేలిముద్ర వేస్తే పూజిత పేరు అలాగే ఉంటుందన్నాడు.

కొండమ్మకు ఒళ్ళు మండింది. "చెప్పిన మాటనా? నాకెవరు జెప్పిండ్రు? నువ్వు జెప్పినవా? గా మంద ఎవరిదనుకున్నవ్? నన్ను జూసి ఒక్కనాడన్న 'అమ్మా, గిట్ల చెయ్' అన్నవా? నాకెవరు జెప్పలేదని గందుల రాయి, అప్పుడు ఏలు పెడ్త."

"అట్ల రాస్తే తప్పు మాదవుతుందమ్మా. జర్మనీవాళ్ళు ఒప్పందమే వదులుకుంటారు. అప్పుడు ఈ అమ్మాయి వెళ్ళడం కూడా ఉండదు," అన్నాడు మహిధర్ చల్లగా.

కొండమ్మ పళ్ళు పటపట కొరికింది. ఆ పెద్దమనిషి కాలరు పట్టుకుని మెట్లమీంచి దొర్లించాలనిపించింది. కానీ కూతురి మొహం చూసి, వేలును సిరా డబ్బాలో ముంచింది.

పూజిత కాగితం లాక్కుంది.

"వద్దు సార్. ఈమె మా అమ్మ. ఎందుకని నన్నే అడిగింది. నేనే చెప్పలే."

పూజిత కూర్చుని, జరిగింది జరిగినట్టు, తన తప్పుతో సహా ఇంకో కాగితం మీద రాసింది. అక్కడే ఫోన్ తీసి దాన్ని జర్మనీ ప్రొఫెసరుకు పంపేసింది. మహిధర్ ఎర్రబడి, శ్రేయకు ఫోన్ చేయమని పక్కవాళ్ళకు చెప్పాడు.

బస్టాండు దాకా కొండమ్మ తిడుతూనే ఉంది. "నా ఏలు, నా ఇష్టం! కూలిదాన్ననిపించుకుంటే నా సొమ్మేం పోతుండె? ఆరు నెలలు పోయొస్తుంటివి గదా! నిన్నెవరు ఆపమన్నరు?" తిట్టి తిట్టి నోరెండాక ఒకచోట ఆగింది. "ఇప్పుడన్న చెప్పు. గవి ఎందుకు ఖాళీగ ఉండాలె?"

"నీ మంద కూసున్న ముక్క ఎంత పండింది, కూసోని ముక్క ఎంత పండింది, పక్కపక్కన పెట్టి చూపియ్యాలె. అప్పుడు గదా లోకం నమ్మేది, గొర్రెల మంద మందుబస్తాకు ఏం తక్కువ కాదని. ఊరూరి రైతులు గింజలు ఎక్కువిచ్చి నిన్ను పిలుస్తుండిరి."

కొండమ్మ నడిరోడ్డు మీద నిలబడిపోయింది. వెనక ఆటోవాడు హారన్ కొడుతున్నా కదల్లేదు.

"గింతేనా?"

పూజిత తల ఊపింది.

"గొర్రె బలమెంతో చూడనీకి ఒక చోట గొర్రెను పెట్టొద్దు. గింతే గదా! గీ ముక్క చెప్తే ఒక్క గొర్రెనన్న అటు పోనిస్తుంటినా? రాత్రంత కట్టె పట్టుకొని కావలుంటుంటి గదనే. ఆ సారుకైతే నేనెవరో తెల్వదు. నీకేమైంది, బిడ్డా? నీకు నేను తెల్వదా?"

కోట్‌పల్లి బస్సు వచ్చి ఆగింది. కొండమ్మ ముందెక్కి, రెండు సీట్లు ఖాళీగా ఉన్నా వాటిని దాటి, ఎవరో ముసలామె పక్కన ఇరుక్కుని కూర్చుంది.